తేదీ చూసి దాచుకుందాం

(విశ్రాంత ఉద్యోగుల సంఘం సర్వసభ్య సమావేశంలో "స్వల్పకాలిక మునిసిపల్ బాండ్ల ఫండ్లు" అన్న విషయంపై చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు నాకిచ్చిన విషయం "స్వల్పకాలిక మునిసిపల్ బాండ్ల ఎక్స్చేంజ్ ట్రేడెడ్ ఫండ్లు". పేరు గూడ్సు రైలంత పొడుగుంది. భయపడకండి. నేను ఆర్థిక శాస్త్రం చదివినవాణ్ణి కాను. ముప్పయి నాలుగేళ్ళు ఖజానా శాఖలో బిల్లులు సరిచూసిన గుమాస్తాను. ఏ కాగితం బల్ల మీదకు వచ్చినా మూడే ప్రశ్నలు వేసేవాళ్ళం. ఎవరు ఇవ్వాలి? ఎంత ఇవ్వాలి? ఎప్పుడు ఇవ్వాలి? ఆ మూడు ప్రశ్నలతోనే ఈ పొడుగు పేరును పెట్టె తర్వాత పెట్టెగా విడదీసి చూద్దాం.

ఈ సంగతి మన సంఘంలో ఎందుకు చర్చకు వచ్చిందో మీకందరికీ తెలుసు. మనలో చాలామంది పిల్లలు అమెరికాలో ఉన్నారు. ఆదివారం ఫోను చేసినప్పుడు, "నాన్నా, మేమిక్కడ మునిసిపల్ బాండ్ల ఫండులో కొంత వేశాం, దాని మీద పన్ను లేదు, మీరూ అలాంటిదేదైనా చూసుకోండి" అంటున్నారు. ఇక్కడేమో సంచీ తగిలించుకుని వచ్చే ఏజెంటు, "మునిసిపల్ బాండంటే గవర్నమెంటు బాండే కదా సార్" అంటున్నాడు. ఈ రెండు మాటల నడుమ ఉన్నది మన గ్రాట్యుటీ, మన కమ్యుటేషన్ సొమ్ము, అమ్ముకున్న ఇంటి స్థలం డబ్బు. పోతే మళ్ళీ సంపాదించే వయసు మనది కాదు. అందుకని ఈ మాటలు రెండూ ఎంతవరకు నిజమో నిదానంగా చూసుకోవాలి.

ముందుగా బాండు. బాండంటే పెద్దమనిషి రాసిచ్చిన ప్రామిసరీ నోటు లాంటిది. అసలు ఇంత, వడ్డీ ఇంత, గడువు ఫలానా తేదీ అని అందులో రాసి ఉంటుంది. రాసిచ్చినవాడు ఊరి పాలక సంస్థ అయితే అది మునిసిపల్ బాండు. అమెరికాలో ఇది చాలా పెద్ద సంత. అక్కడ రాష్ట్రాలు, నగరాలు, కౌంటీలు, బడి జిల్లాలు, నీటి సరఫరా సంస్థలు అన్నీ ఈ పద్ధతిలో అప్పు తెచ్చుకుంటాయి. మొత్తం బాకీ సుమారు 4 లక్షల కోట్ల డాలర్లు. వీటిలో ముఖ్యంగా రెండు రకాలు. ఒకటి, పాలక సంస్థ తన మొత్తం పన్నుల రాబడిని పూచీగా పెట్టి రాసిచ్చేది. రెండోది, ఒక వంతెన మీదనో, నీటి పథకం మీదనో వచ్చే రాబడి నుంచి మాత్రమే తీర్చేది. ఎవరు ఇవ్వాలి అన్న మొదటి ప్రశ్నకు జవాబు ఇక్కడే ఉంటుంది.

వీటికి అక్కడ అంత గిరాకీ ఎందుకంటే పన్ను. 1913లో అమెరికా ఆదాయపు పన్ను చట్టం వచ్చినప్పటినుంచే మునిసిపల్ బాండ్ల వడ్డీని కేంద్ర పన్ను నుంచి మినహాయించారు. కొన్ని రకాల బాండ్లకు ఈ మినహాయింపు వర్తించదు గాని, ఎక్కువ భాగానికి వర్తిస్తుంది. సొంత రాష్ట్రంలోని బాండ్లయితే సాధారణంగా రాష్ట్ర పన్ను కూడా ఉండదు. లెక్క చూడండి. ఒక అబ్బాయి 24 శాతం పన్ను శ్రేణిలో ఉన్నాడు. మునిసిపల్ బాండు మీద 3 శాతం వస్తే అది పూర్తిగా అతని చేతికే వస్తుంది. బ్యాంకు వడ్డీ మీద పన్ను కట్టి అదే 3 శాతం మిగుల్చుకోవాలంటే బ్యాంకు అతనికి దాదాపు 3.95 శాతం ఇవ్వాలి. అదే 12 శాతం శ్రేణిలో ఉన్నవాడికి 3.41 ఇస్తే సరిపోతుంది. అంటే పన్ను ఎక్కువ కట్టేవాడికే ఈ బాండు ఎక్కువ ఉపయోగం. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి. మన దగ్గరకు వచ్చేసరికి ఇదే కీలకం అవుతుంది.

తర్వాత పెట్టె "స్వల్పకాలిక" అన్న మాట. నా దృష్టిలో ఈ పేరు మొత్తంలో బంగారం లాంటి మాట ఇదొక్కటే. ఎందుకో చిన్న లెక్కతో చెబుతాను. మీ దగ్గర 5 శాతం వడ్డీ ఇచ్చే లక్ష రూపాయల కాగితం ఉంది. ఇంతలో బజారులో వడ్డీ 6 శాతం అయింది. కొత్త కాగితం 6 ఇస్తుంటే మీ 5 శాతం కాగితాన్ని ఎవరు లక్షకు కొంటారు? తగ్గించి అడుగుతారు. మీ కాగితానికి ఇంకా రెండేళ్ళ గడువే ఉంటే తగ్గేది సుమారు 1,833 రూపాయలు. పదేళ్ళ గడువు ఉంటే తగ్గేది సుమారు 7,360 రూపాయలు. రెండూ ఒకే సంస్థ రాసిచ్చినవే, వడ్డీ ఒకటే, నమ్మకం ఒకటే. తేడా అంతా తేదీలో ఉంది. గడువు దాకా ఆగగలిగినవాడికి ఈ తరుగు ఉండదు, మొత్తం అసలు వస్తుంది. మధ్యలో ఆసుపత్రి ఖర్చు వచ్చి అమ్ముకోవలసిన వాడికే నష్టం. డెబ్బై దాటాక మధ్యలో అవసరం రాదని ఎవరం చెప్పగలం?

ఇక ఫండు. ఒక్క ఊరి బాండు కొంటే ఆ ఒక్క ఊరి కష్టసుఖాలకు మనం కట్టుబడాలి. ఫండువారు పదిమంది డబ్బు పోగుచేసి వందల ఊళ్ళ బాండ్లు కొని ఒక బుట్టలో వేస్తారు. స్వల్పకాలిక ఫండంటే సుమారు అయిదేళ్ళలోపు గడువున్న బాండ్లనే ఆ బుట్టలో ఉంచుతారు. ఎక్స్చేంజ్ ట్రేడెడ్ అంటే ఆ బుట్టలో వాటాను కంపెనీ షేరు లాగే స్టాక్ ఎక్స్చేంజిలో ఏ పనిదినమైనా కొనవచ్చు, అమ్మవచ్చు. అమెరికాలో దేశమంతటి మునిసిపల్ బాండ్లు కలిపిన ఇలాంటి ఫండ్లు 2007లో మొదలైనాయి. ఖర్చులు తక్కువ, వడ్డీ నెలనెలా పంచుతారు. అక్కడ ఉద్యోగం చేసే పిల్లలు రెండు మూడేళ్ళలో ఇల్లు కొనడానికి దాచుకునే డబ్బు ఇందులో వేస్తే తప్పు పట్టవలసిన పనిలేదు.

కాని ఒక సంగతి ఆ పిల్లలకు కూడా చెప్పండి. బాండుకు గడువు తేదీ ఉంటుంది, ఈ రకం ఫండుకు ఉండదు. బుట్టలో ఒక బాండు తీరగానే ఆ డబ్బుతో ఇంకొకటి కొంటారు. బుట్ట ఎప్పటికీ ఖాళీ కాదు. అందుచేత "ఫలానా తేదీన నీ అసలు నీకిస్తాం" అని ఫండు మాట ఇవ్వదు. అమ్మిన రోజున ధర ఎంత ఉంటే అంతే. ఫలానా సంవత్సరంలో ముగిసే ఫండ్లు కూడా ఉన్నాయి, అవి వేరు.

ఈ ఫండ్లకు ఈమధ్య రెండు పరీక్షలు ఎదురైనాయి. మొదటిది 2020 మార్చి. కోవిడ్ భయంతో అందరూ ఒక్కసారిగా అమ్మకానికి ఎగబడ్డారు. అప్పుడు కొన్ని మునిసిపల్ ఫండ్ల వాటా ధర, బుట్టలోని బాండ్ల లెక్కగట్టిన విలువ కంటే కొన్ని శాతాలు కిందికి పోయింది. కొద్ది వారాల్లో సర్దుకుంది గాని, ఆ వారం అమ్మక తప్పనివాడు తక్కువకే అమ్ముకున్నాడు. రెండోది 2022. ఆ ఏడు మార్చి నుంచి అమెరికా కేంద్ర బ్యాంకు, సున్నాకు దగ్గరగా ఉన్న వడ్డీని పెంచుకుంటూ పోయి 2023 జూలై నాటికి 5.25 నుంచి 5.50 శాతం శ్రేణికి చేర్చింది. 2022 సంవత్సరంలో అక్కడి మునిసిపల్ బాండ్ల ప్రధాన సూచీ, వచ్చిన వడ్డీని కలుపుకున్నా, ఎనిమిదిన్నర శాతం నష్టం చూపించింది. స్వల్పకాలిక ఫండ్లు కూడా తగ్గాయి, కాని అంతకంటే చాలా తక్కువ తగ్గాయి. ఇందాక మనం వేసుకున్న లక్ష రూపాయల లెక్క అక్కడ నిజంగా జరిగిందన్నమాట.

"మునిసిపాలిటీ ఎగ్గొడుతుందా సార్, గవర్నమెంటు కదా" అంటారు. సాధారణంగా ఎగ్గొట్టదు. కాని అసలు జరగదనుకోవద్దు. 2013 జూలైలో మోటారు కార్లకు పేరుపొందిన డెట్రాయిట్ నగరం సుమారు 1,800 కోట్ల డాలర్ల బాకీతో దివాలా కోర్టుకెక్కింది. బాండ్లు కొన్నవారు నష్టపోయారు. అంతేకాదు, ఆ నగరపాలక సంస్థలో పనిచేసి రిటైరైన సాధారణ ఉద్యోగుల పింఛనులో కూడా 4.5 శాతం కోత పెట్టి, ఏటా పెరిగే భత్యం తీసేశారు. మనబోటివాళ్ళు వినవలసిన సంగతి అది. ప్యూర్టోరికో అనే అమెరికా దీవి బాండ్ల అప్పు సుమారు 7,000 కోట్ల డాలర్లకు చేరి, 2017లో కోర్టు పర్యవేక్షణలోకి వెళ్ళింది. పరిష్కారం అమల్లోకి వచ్చేసరికి 2022 మార్చి అయింది. ఆ బాండ్లు ఏ రాష్ట్రంలో ఉన్నవారికైనా పన్ను లేనివి. పన్ను మినహాయింపు ఉంది గాని, అసలు పూర్తిగా రాలేదు. మనవల విషయంలో "అసలు కంటే వడ్డీ ముద్దు" అంటాం. డబ్బు విషయంలో మాత్రం మనకు అసలే ముద్దు కావాలి.

సరే, పిల్లలు చెప్పిన ఆ ఫండు మనం కొంటే ఎట్లా ఉంటుంది? మనం ఇక్కడ నివసిస్తున్నవాళ్ళం. మన ఆదాయం ప్రపంచంలో ఎక్కడ వచ్చినా ఇక్కడి ఆదాయపు పన్ను లెక్కలో చూపించాలి. అమెరికా తన పౌరులకు, తన నివాసులకు ఇచ్చిన మినహాయింపు మన ఆదాయపు పన్ను కార్యాలయంలో చెల్లదు. పన్ను లేదు కదా అని అక్కడివారు తక్కువ వడ్డీకి ఒప్పుకుంటారు. మనం ఆ తక్కువ వడ్డీ తీసుకుని, దాని మీద ఇక్కడ పన్ను కూడా కట్టాలి. పైగా డాలరు ధర హెచ్చుతగ్గులు మన నెత్తిన ఉంటాయి. ఇంకొకటి, అమెరికా నివాసి కాని మనిషి పేర అక్కడి ఫండ్లు, షేర్లు 60,000 డాలర్లు మించి ఉండి అతను కాలం చేస్తే, వారసులు అక్కడి ఎస్టేట్ పన్ను వ్యవహారం చూసుకోవలసి వస్తుంది. కాబట్టి ఆ ఫండు పిల్లలకు తగిన వస్తువు, మనకు కాదు. ఆ పిల్లలు తిరిగి వచ్చి ఇక్కడ స్థిరపడితే, కొద్దికాలం వెసులుబాటు తర్వాత వారికీ ఇదే వర్తిస్తుంది. ఈ మాట ఫోనులో వారికి చెప్పండి.

మరి మన దేశంలో మునిసిపల్ బాండ్లు లేవా? ఉన్నాయి. 1997లో బెంగుళూరు నగరపాలక సంస్థ 125 కోట్లతో మొదలుపెట్టింది. 1998లో అహమ్మదాబాదు రాష్ట్ర ప్రభుత్వం పూచీ లేకుండానే 100 కోట్లు తెచ్చుకుంది. 2003లో హైదరాబాదు 82.5 కోట్లకు పన్ను లేని బాండ్లు ఇచ్చింది. తర్వాత చాలాకాలం సద్దుమణిగి, 2015లో సెబీ నిబంధనలు వచ్చాక మళ్ళీ కదలిక వచ్చింది. 2017లో పుణె 7.59 శాతానికి 200 కోట్లు తెచ్చింది. 2018 ఫిబ్రవరిలో గ్రేటర్ హైదరాబాదు 8.90 శాతానికి 200 కోట్లు తెచ్చింది. అదే ఏడు ఆగస్టులో అమరావతి రాజధాని సంస్థ 10.32 శాతానికి 2,000 కోట్లు, డిసెంబరులో విశాఖపట్నం 10 శాతానికి 80 కోట్లు తెచ్చుకున్నాయి. ఈ అంకెలు పక్కపక్కన పెట్టి చూడండి. అందరూ పాలక సంస్థలే, వడ్డీలు మాత్రం వేరు. బజారులో రేట్లు పెరగడం కొంత కారణమైతే, అప్పిచ్చేవాడి మనసులో ఉన్న సందేహం కొంత కారణం. ఎక్కువ వడ్డీ ఎవరూ మన మీద దయతో ఇవ్వరు. అది సందేహానికి కట్టిన ధర.

ఈ బాండ్లలో చాలావరకు పెద్ద సంస్థలకే నేరుగా అమ్మారు, మనబోటివారి చేతికి రాలేదు. 2023 ఫిబ్రవరిలో ఇండోరు నగరపాలక సంస్థ మాత్రం సౌర విద్యుత్తు పథకం కోసం 244 కోట్ల బాండ్లను ప్రజలకు అమ్మింది. వడ్డీ 8.25 శాతం, ఆరు నెలలకొకసారి చెల్లింపు. అందులో నాకు నచ్చింది ఒకటుంది. వెయ్యి రూపాయల బాండును నాలుగు సమాన భాగాలు చేసి, ఒకటి 3 ఏళ్ళకు, ఒకటి 5 ఏళ్ళకు, ఒకటి 7 ఏళ్ళకు, ఒకటి 9 ఏళ్ళకు తీరేలా పెట్టారు. నిచ్చెన మెట్ల లాగా డబ్బు తిరిగి వస్తుంది. ఆ పద్ధతి మనం ఏ పొదుపులోనైనా వాడుకోవచ్చు. అదే నెలలో నేషనల్ స్టాక్ ఎక్స్చేంజివారు మునిసిపల్ బాండ్లకు ఒక సూచీ తయారుచేశారు. మొదట్లో అందులో 10 సంస్థల బాండ్లు 28 ఉన్నాయి. అయితే సూచీ అంటే కొలబద్ద, కొనుక్కునే సరుకు కాదు. ఇంకో మాట. "లిస్టయింది సార్, ఎప్పుడంటే అప్పుడు అమ్ముకోవచ్చు" అంటాడు ఏజెంటు. బజారులో దుకాణం తెరిచి ఉన్నంత మాత్రాన కొనేవాడు ఉన్నాడని కాదు. మన మునిసిపల్ బాండ్లలో కొనేవారూ అమ్మేవారూ బహు పలచన.

"స్వల్పకాలిక" అన్న పేరు చూసి మోసపోవద్దని కూడా చెప్పాలి. 2020 ఏప్రిల్ 23న మన దేశంలో ఒక పేరున్న ఫండు సంస్థ ఆరు రుణ పథకాలను ఒకేసారి మూసేసింది. వాటిలో ఒకదాని పేరులో "అల్ట్రా షార్ట్" అనే ఉంది. తర్వాత విడతల వారీగా డబ్బు చెల్లించారు, అది సంతోషమే. కాని రేపు ఆపరేషనుకు కావలసిన డబ్బు నెలల తరబడి చేతికి రాకపోతే, ఎన్నడో వచ్చినందుకు ఏం లాభం? గడువు చిన్నదైతే చాలదు. రాసిచ్చినవాడు గట్టివాడై ఉండాలి, అడిగిన రోజున కొనేవాడు ఉండాలి.

అయితే మనకు దారేది? స్వల్పకాలిక మునిసిపల్ ఫండు అమెరికాలో చేసే పనిని ఇక్కడ వేరే వస్తువులు చేస్తాయి. ఒకటి, బ్యాంకు డిపాజిట్టు. 2020 ఫిబ్రవరి నుంచి ఒక బ్యాంకులో ఒక మనిషికి అసలు, వడ్డీ కలిపి 5 లక్షల వరకు బీమా ఉండేలా పెంచారు. డబ్బు ఎక్కువుంటే రెండు బ్యాంకుల్లో పెట్టుకోండి. రెండు, కేంద్ర ప్రభుత్వ ట్రెజరీ బిల్లులు. గడువులు 91, 182, 364 రోజులు. తగ్గింపు ధరకు కొంటాం, గడువు నాడు పూర్తి విలువ వస్తుంది. 2021 నవంబరులో రిజర్వు బ్యాంకు రిటైల్ డైరెక్ట్ అనే సదుపాయం పెట్టాక, 10,000 రూపాయలతో కూడా మనం నేరుగా కొనవచ్చు, మధ్యలో ఏజెంటు లేడు. ఇంట్లో మనవడో మనవరాలో కంప్యూటరు ముందు అరగంట కూర్చుంటే ఖాతా తెరవవచ్చు. మూడు, సీనియర్ సిటిజన్స్ సేవింగ్స్ స్కీము. చేరిన రోజున ఉన్న వడ్డీయే అయిదేళ్ళూ ఉంటుంది, మూడు నెలలకొకసారి చేతికొస్తుంది. మధ్యలో తీస్తే కోత ఉంటుంది. నాలుగు, ఫండే కావాలనుకునేవారికి 2019 డిసెంబరులో మొదలైన భారత్ బాండ్ ఇ.టి.ఎఫ్. ఇందులో ప్రభుత్వ రంగ సంస్థల బాండ్లుంటాయి, ముగిసే సంవత్సరం ముందే చెబుతారు. మీకు డబ్బు కావలసిన సంవత్సరం, అది ముగిసే సంవత్సరం కలిస్తేనే దాని జోలికి వెళ్ళండి. 2023 ఏప్రిల్ 1 తర్వాత కొన్న ఇలాంటి రుణ ఫండ్ల లాభం ఎన్నేళ్ళు ఉంచినా మామూలు ఆదాయంతో కలిపి పన్ను పడుతుందన్నది కూడా లెక్కలో వేసుకోండి.

ఇది ఆచరణలో ఎట్లా ఉంటుందో ఒక ఉదాహరణ. మన సభ్యురాలు ఒకరు, పేరు చెప్పను, భర్త పోయాక కుటుంబ పింఛనుతో ఉన్నారు. వయసు 66. పాత ఇంటి వాటా కింద 12 లక్షలు చేతికొచ్చాయి. ఏజెంటు పదేళ్ళ బాండు కాగితం ఒకటి తెచ్చి, మొత్తం అందులో పెట్టమ్మా, వడ్డీ ఎక్కువ అన్నాడు. ఆవిడ నన్ను అడిగితే, "అక్కయ్యగారూ, వడ్డీ సంగతి తర్వాత. ఈ డబ్బు మీకు ఎప్పుడెప్పుడు కావాలో చెప్పండి" అన్నాను. తెల్ల కాగితం మీద మూడు గళ్ళు గీశాం. కావలసిన తేదీ, కావలసిన మొత్తం, పెట్టే చోటు. ఏడాదిలోపు రెండు కళ్ళకూ శుక్లాల ఆపరేషను, ఇతర ఖర్చులు, 2 లక్షలు. రెండేళ్ళకు మనవరాలి పెళ్ళికి 3 లక్షలు. మిగతా 7 లక్షలు ప్రస్తుతానికి కదపనక్కరలేదు, వాటి మీద రాబడి మాత్రం కావాలి. మొదటిదానిలో లక్ష బ్యాంకు ఖాతాలో, లక్ష 182 రోజుల బిల్లులో. రెండోది రెండేళ్ళ డిపాజిట్టులో. మూడోది సీనియర్ సిటిజన్స్ స్కీములో. ఆవిడ చేరిన రోజున దాని రేటు 8.2 శాతం. మూడు నెలలకు 14,350 రూపాయలు వస్తున్నాయి. ఏజెంటు కాగితంతో పోల్చితే మొత్తం మీద ఏడాదికి కొన్ని వేలు తక్కువే. కాని ఆపరేషను రోజున ఆవిడ ఎవరినీ చేబదులు అడగలేదు, ఏ కాగితాన్నీ తెగనమ్ముకోలేదు.

చివరగా, ఎవరు ఏ కాగితం తెచ్చినా సంతకం పెట్టేముందు అయిదు ప్రశ్నలు అడగండి. రాసిచ్చినవాడు ఎవరు, తీర్చేది ఏ రాబడి నుంచి? అసలు తిరిగి వచ్చే తేదీ ఏది, అసలు ఆ తేదీ ఉందా లేదా? ఆ తేదీకి ముందు కావలసి వస్తే కొనేవాడెవరు? పన్ను పోగా నాకు మిగిలేదెంత? నామినీగా ఎవరి పేరు రాశాను, ఆ సంగతి ఇంట్లోవారికి తెలుసా? జవాబు "చూద్దాం సార్" అని వస్తే, మీరూ "చూద్దాం బాబూ" అని పంపించండి.

గళ్ళు గీసిన కాగితం ఎవరికి కావలసినా, ప్రతి నెలా మొదటి శనివారం సాయంత్రం సంఘం కార్యాలయంలో నేను, మరో ఇద్దరు మిత్రులు అందుబాటులో ఉంటాము. మీ డబ్బు ఎంత అని మేము అడగము, ఎప్పుడు కావాలి అని మాత్రమే అడుగుతాము. భార్యాభర్తలు ఇద్దరూ కలిసి వస్తే మరీ మంచిది. లెక్క ఒక్కరికే తెలిసి ఉండటం ఏ ఇంటికీ మంచిది కాదు.